రెండు డాలర్ల యాభై ఆరు సెంట్లు



మా మేనల్లుడు హైదరాబాదులో సాఫ్టువేరు ఉద్యోగి. పండుగలకు మా ఇంటికి వచ్చినప్పుడల్లా, విస్తరి ముందు కూర్చున్నది మొదలు చేయి కడుక్కునే దాకా వాడికి అభిప్రాయాలే అభిప్రాయాలు. ఏ కంపెనీ మంచిది, ఏ కంపెనీ చెడిపోయింది, ఏ కంప్యూటరు కొనుక్కోవాలి, సెల్‌ఫోను మనిషిని ఎట్లా పాడుచేసింది, చివరకు పప్పులో పోపు ఎప్పుడు వేయాలి అన్నదాకా ఏ విషయమూ వాడి తీర్పును తప్పించుకోలేదు. మొన్న సంక్రాంతికి ఉండబట్టలేక, "ఒరేయ్, ఇన్ని తీర్పులు చెబుతున్నావు గదా, వీటిలో ఒకటి తప్పని ఎవరైనా చూపిస్తే ఏం చేస్తావురా?" అని అడిగాను. వాడు అరిసె తుంచుతూ, "ఏముంది మామయ్యా, వాదిస్తాను. మా వృత్తిలో అందరం అంతే. తప్పు చూపించినవాడికి ఎదురు డబ్బిచ్చే పెద్దమనిషిని మాత్రం ఒక్కణ్ణే ఎరుగుదును," అన్నాడు.

ఆ పెద్దమనిషి పేరు డొనాల్డ్ కనూథ్. పేరులోని మొదటి కకారాన్ని, ఆంగ్లంలో కొన్ని మాటలలో వలె మింగివేయక, స్పష్టంగా పలకాలట. తెలుగు పండితుణ్ణి కనుక నాకు ముందుగా నచ్చినది అదే. తరువాత నాలుగైదు మాసాలు ఆయనను గురించి దొరికినదల్లా చదివాను. చదివినకొద్దీ నా పాత సంగతి ఒకటి లోపల కెలకసాగింది. దానిని చివర చెబుతాను. ముందు ఆయన చరిత్ర.

కనూథ్ 1938 జనవరి 10వ తేదీన అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ నగరంలో జన్మించారు. తండ్రి జమాఖర్చుల లెక్కలు బోధించే ఉపాధ్యాయుడు. దానితోబాటు చిన్న ముద్రణ వ్యాపారం కూడా నడిపేవాడు. పద్దు వ్రాయడం, అక్షరం అచ్చువేయడం అన్న ఈ రెండు విద్యలూ కుమారుని జీవితంలో ఎట్లా అల్లుకున్నాయో ముందు ముందు చూస్తారు.

ఎనిమిదవ తరగతిలో ఉండగా ఒక మిఠాయి కంపెనీ పిల్లలకు పోటీ పెట్టింది. 'జిగ్లర్స్ జయంట్ బార్' అన్న తమ మిఠాయి పేరులోని అక్షరాలతో ఎన్ని మాటలు కూర్చగలరో కూర్చమన్నది. న్యాయనిర్ణేతల దగ్గర ఉన్న పట్టికలో 2,500 మాటలు. మన కుర్రవాడు కడుపునొప్పి అని వంక పెట్టి రెండు వారాలు బడి ఎగగొట్టి, పెద్ద నిఘంటువు ముందు వేసుకొని కూర్చుని, 4,500కు పైగా మాటలు పట్టుకొచ్చాడు. బహుమతిగా బడికి టెలివిజను పెట్టె, తరగతి పిల్లలందరికీ మిఠాయిలు వచ్చాయి. బడి ఎగ్గొట్టిన పిల్లవాణ్ణి మెచ్చుకోవడం ఉపాధ్యాయునికి తగదు గాని, నిఘంటువు కోసం ఎగ్గొట్టినవాణ్ణి నా ముప్పై యేళ్ళ ఉద్యోగంలో ఒక్కణ్ణీ చూడలేదు!

1956లో క్లీవ్‌లాండులోని కేస్ సాంకేతిక విద్యాలయంలో భౌతికశాస్త్రం చదవడానికి చేరారు. అక్కడ ఐబీఎం 650 అనే కంప్యూటరు ఉండేది. భౌతికశాస్త్రం వెనకబడి, ఆ యంత్రమే గురువైంది. తరువాతి కాలంలో తన మహాగ్రంథాన్ని ఆ యంత్రానికే అంకితమిచ్చారు. మన కవులు నరాంకితం కూడదని పట్టుబట్టి దేవునికి అంకితమిచ్చిన సందర్భాలు ఎరుగుదుము. యంత్రాంకితం నాకు ఇదే మొదలు.

ఆ మహాగ్రంథం సంగతి ఇది. 1962లో ఒక ప్రచురణ సంస్థ ఆయనను, అప్పటికి ఇరవై నాలుగేళ్ళ విద్యార్థిని, కంపైలర్లను గురించి ఒక పుస్తకం వ్రాయమని అడిగింది. సరేనని మొదలుపెట్టారు. 1965 నాటికి చేతివ్రాతలో మూడు వేల పుటలు తయారయ్యాయి! ఒక్క పుస్తకంలో ఇమిడే వ్యవహారం కాదని అప్పుడు తెలిసింది. 'కంప్యూటరు ప్రోగ్రాముల రచనాకళ' అని చెప్పుకోదగిన ఆ గ్రంథం మొదటి సంపుటం 1968లో, రెండవది 1969లో, మూడవది 1973లో వెలువడ్డాయి. నాలుగవ సంపుటం ఒక్కటే అనేక భాగాలై, మొదటి భాగం 2011లో, రెండవ భాగం 2022లో వచ్చాయి. ఆ రెండవ భాగం వచ్చేనాటికి ఆయనకు 84 ఏళ్ళు. మూడు సంపుటాలకే, 1974లో, కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం లభించింది.

ఇక అసలు కథ. 1977లో రెండవ సంపుటానికి కొత్త కూర్పు వేయదలచి ప్రచురణకర్తలు ప్రూఫులు పంపారు. మొదటి కూర్పులను కరగిన సీసంతో పోతపోసిన మోనోటైపు అక్షరాలతో అచ్చువేశారు. ఈలోగా ఆ పద్ధతి మూలబడి, అక్షరాలను ఫొటో తీసినట్టు పడవేసే కొత్త యంత్రాలు వచ్చాయి. ఆ ప్రూఫులు చూసి కనూథ్ మనసు చివుక్కుమన్నది. అక్షరాల మధ్య ఎడం కుదరలేదు. గణిత సూత్రాలు చూడవికారంగా ఉన్నాయి. పదిహేనేళ్ళ తన శ్రమకు ఆ ముఖం పెట్టడానికి ఆయనకు చేతులు రాలేదు.

ఈ బాధ నాకు అర్థమవుతుంది. మా పాఠశాల వార్షిక సంచిక అచ్చువేయించడానికి ఏటా పట్నంలోని చిన్న ముద్రణాలయానికి నేనే వెళ్ళేవాణ్ణి. అక్కడ కంపోజిటరు కొయ్య అరలలోనుంచి ఒక్కొక్క సీసపు అక్షరాన్ని ఏరి పేర్చేవాడు. గుణింతానికి ఒక ముక్క, వత్తుకు ఒక ముక్క. పేర్చినది అద్దంలో బొమ్మలాగా తలకిందులుగా ఉండేది. దానిని మనం కాగితం చదివినంత వేగంగా చదివేవాడు. అయినా 'క్ష'కు బదులు 'క్ట' పడేది. మనవాళ్ళు అచ్చుతప్పుకు 'ముద్రారాక్షసం' అని విశాఖదత్తుని నాటకం పేరు పెట్టి నవ్వుకున్నారు. ఆ నవ్వు వెనుక ఎంత నిస్పృహ ఉందో ప్రూఫులు దిద్దినవారికే తెలుస్తుంది. మేము చేయగలిగినదల్లా సంచిక చివర తప్పొప్పుల పట్టిక అంటించడమే.

కనూథ్ పట్టిక అంటించి ఊరుకోలేదు. అచ్చు కూర్చే ప్రోగ్రామును తానే వ్రాస్తానని కూర్చున్నారు. ఏడాదిలో పూర్తవుతుందనుకున్నారు. పట్టినది దాదాపు పదేళ్ళు! ఆ ప్రోగ్రాము పేరు 'టెఖ్'. కళ, నైపుణ్యం రెండింటినీ సూచించే గ్రీకు మాట నుండి ఆ పేరు తీసుకున్నారు. చివరి అక్షరం చూడడానికి ఆంగ్లపు 'ఎక్స్' వలె ఉన్నా అది గ్రీకు అక్షరమనీ, ఊపిరి తగిలేట్టుగా పలకాలనీ ఆయనే సూచించారు. మహాప్రాణాలు తెలిసిన మనకు అది ఏమంత కష్టం కాదు.

టెఖ్ చేసే పని ఒకటి చెబుతాను. మామూలు యంత్రం పంక్తి నిండేదాకా మాటలు పేర్చి, నిండగానే మరో పంక్తికి దిగుతుంది. వెనక్కు చూడదు. అందువల్ల ఒక పంక్తి ఇరుకుగా, మరొకటి పళ్ళూడిన నోరులాగా తయారవుతాయి. టెఖ్ అట్లా కాదు. పేరా మొత్తాన్ని ముందుంచుకొని, ఎక్కడెక్కడ విరిస్తే పంక్తులన్నీ కలిపి చూడడానికి బాగుంటాయో లెక్క కడుతుంది. చెడ్డ ఎడానికి ఇన్ని మార్కులు, మాటను మధ్యలో విరిచినందుకు ఇన్ని మార్కులు అని దోషాలకు వెల కట్టి, మొత్తం దోషం తక్కువగా ఉన్న విరుపును ఎన్నుకుంటుంది. పద్యం వ్రాసేవారికి ఇది తెలిసిన విద్యే. నాలుగవ పాదంలో ప్రాస కుదరకపోతే మొదటి పాదానికి వెళ్ళి మాట మార్చుకుంటాము గదా! ఈ పద్ధతిని మైకేల్ ప్లాస్‌తో కలిసి 1981లో వ్యాసంగా ప్రకటించారు.

అక్షరాల రూపాల కోసం 'మెటాఫాంట్' అనే మరో ప్రోగ్రాము వ్రాశారు. ఆంగ్లపు 'ఎస్' అక్షరం వంపును గణితంలో పట్టుకోవడం ఎంత కష్టమో చెబుతూ, ఆ ఒక్క అక్షరం మీదనే 1980లో ఒక వ్యాసం ప్రకటించారు. ఈ కృషి అంతా 1986లో ఐదు సంపుటాలుగా వచ్చింది. గణితశాస్త్ర పత్రాలు ప్రపంచమంతటా నేటికీ అత్యధికంగా కూర్చబడుతున్నది టెఖ్‌తోను, దాని మీద లెస్లీ లాంపోర్ట్ నిర్మించిన 'లాటెఖ్'తోను.

ఇంత చేసి, దానిని అమ్ముకోలేదు. అందరికీ వదిలివేశారు. ఒక్కటే నియమం: ఎవరైనా మార్పులు చేసుకుంటే దానికి వేరే పేరు పెట్టుకోవాలి. ఆ ఔదార్యపు ఫలం మన ఇంటిదాకా వచ్చింది. యూనీకోడు తొలి కూర్పు 1991లో తెలుగుకు చోటిచ్చినా, అది మన కంప్యూటర్లలో సక్రమంగా కనబడడానికి ఎన్నో ఏళ్ళు పట్టింది. ఆ మధ్యకాలంలో అమెరికాలోని తెలుగువారు మెటాఫాంటుతో తెలుగక్షరాలు గీసి 'తెలుగుటెఖ్' అన్న పేరుతో ఉచితంగా పంచారు. రైస్ విశ్వవిద్యాలయం పేరుమీద వచ్చిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఆంగ్లాక్షరాలతో వ్రాసి, తెలుగులిపిలోకి మార్చి, టెఖ్ ద్వారా అచ్చు తీసుకున్నారు. లేఖినిలో మనమంతా కొట్టుకున్నది ఆ ఆర్‌టీఎస్‌నే కదా! మిల్వాకీలో ఒక లెక్కల మాస్టారి కొడుకు అక్షరం మీద పెట్టుకున్న మోజుకు, మన తెలుగు జాలానికి ఆ పాటి చుట్టరికం ఉంది.

మా మేనల్లుని వలెనే కనూథ్‌కూ అభిప్రాయాలు చాలా ఉన్నాయి. కంప్యూటరు పనిని గురించి ఆయన అభిప్రాయం: అది శాస్త్రమే కాదు, కళ కూడా. 1974లో ట్యూరింగ్ పురస్కార ప్రసంగమంతా ఈ విషయం మీదనే చేశారు. 1984లో మరొక అడుగు ముందుకు వేసి, ప్రోగ్రామును యంత్రానికి ఆజ్ఞగా గాక, తోటి మనిషికి వివరించే వ్యాసంగా వ్రాయాలన్నారు. టెఖ్ ప్రోగ్రామునంతటినీ అట్లాగే, చదువుకోదగిన పుస్తకంగా అచ్చువేశారు.

కంపెనీల మీద ఆయన అభిప్రాయాలకు పదును ఎక్కువ. 1994లో అమెరికా పేటెంట్ల కార్యాలయానికి ఉత్తరం వ్రాస్తూ, రచయితకు మాటలు ఎటువంటివో ప్రోగ్రాము వ్రాసేవానికి అల్గారిథములు అటువంటివని, వాటిమీద ఒకరికి హక్కు కట్టబెట్టడం తగదని వాదించారు. 1980 నాటికే ఇటువంటి పేటెంట్లు సర్వసాధారణమై ఉంటే టెఖ్ పుట్టేదే కాదన్నారు. 2003లో, తాను స్థాపకులలో ఒకరైన 'జర్నల్ ఆఫ్ అల్గారిథమ్స్' పత్రిక ధర గ్రంథాలయాలకు అందనంతగా పెరిగిపోతున్నదని తోటి సంపాదకులకు దీర్ఘమైన లేఖ వ్రాశారు. ఊరికే చెప్పలేదు, ధరలు, పుటలు లెక్కకట్టి చూపారు. సంపాదకవర్గమంతా మూకుమ్మడిగా రాజీనామా చేసింది. వారిలో పలువురు కలిసి వేరే పత్రికను నెలకొల్పుకున్నారు.

నిత్యజీవితం మీద ఆయన అభిప్రాయాలలో ప్రసిద్ధమైనది ఈమెయిలును గురించినది. 1975 ప్రాంతం నుంచి, అంటే మనం ఆ మాట కూడా విననినాడు, ఆయన దానిని వాడారు. 1990 జనవరి 1వ తేదీన మానివేశారు. ఒక జీవితానికి పదిహేనేళ్ళ ఈమెయిలు చాలునన్నారు. ఎప్పటికప్పుడు అన్నిటి పైనా కన్ను ఉంచవలసినవారికి అది మంచిదేననీ, తన పని మాత్రం విషయాల అడుగుకు దిగడమనీ, దానికి అంతరాయం లేని కాలం కావాలనీ చెప్పారు. ఉత్తరాలను పోగుచేయించి, తీరికైనప్పుడు ఒక్కసారిగా చూస్తారు. కంప్యూటరు శాస్త్రానికి పితామహునివంటివాడు పెన్సిలుతో కాగితం మీద చిత్తు వ్రాసుకుంటాడని విని నాకు ధైర్యం వచ్చింది. ఈ టపా చిత్తుప్రతి కూడా పాత నోటుపుస్తకంలోనే ఉంది.

అభిప్రాయాలు అందరికీ ఉంటాయి. వీరి మాటకు అంత బరువు ఎక్కడిది? పాండిత్యం వల్ల అనుకున్నాను మొదట. ఇప్పుడు అట్లా అనుకోవడం లేదు. తన తప్పులను ఆయన ఎట్లా చూసుకున్నారో, ఆ బరువు అక్కడినుంచి వచ్చింది.

తన పుస్తకాలలో తప్పు కనిపెట్టి మొదట తెలిపినవారికి ఆయన 2.56 డాలర్లకు చెక్కు పంపేవారు. ఎందుకు ఆ చిల్లర? మనం పదుల లెక్కలో 100 అని వ్రాస్తే నూరు. కంప్యూటర్లవారు ఎక్కువగా వాడే పదహారుల లెక్కలో అదే 100 అని వ్రాస్తే పదహారు పదహార్లు, 256. కనుక 256 సెంట్లు ఆ లెక్కలో ఒక డాలరు! టెఖ్ ప్రోగ్రాములో తప్పు పట్టినవారికి బహుమతిని ఏటేటా రెట్టింపు చేస్తూ 327.68 డాలర్ల దాకా తీసుకుపోయి అక్కడ ఆపారు. చెక్కులు అందుకున్నవారిలో చాలామంది వాటిని బ్యాంకులో వేయలేదు. పటం కట్టించుకొని గోడకు తగిలించుకున్నారు. కొందరు ఆ చెక్కుల బొమ్మలను జాలంలో పెట్టడంతో, వాటి మీది ఖాతా సంఖ్యలు దొంగల కంటబడ్డాయి. అందుచేత 2008 నుండి అసలు చెక్కులు మానివేసి, 'బ్యాంక్ ఆఫ్ శాన్ సెరిఫ్' అనే లేని బ్యాంకు పేర ధ్రువపత్రాలు పంపసాగారు. వాటికీ గిరాకీ తగ్గలేదు.

నన్ను నిలువునా కదిలించినది అది కూడా కాదు. 1989లో ఆయన 'టెఖ్ తప్పులు' అన్న అర్థం వచ్చే పేరుతో ఒక వ్యాసం ప్రకటించారు. పదేళ్ళలో ఆ ప్రోగ్రాములో తాను చేసిన మార్పులను, దిద్దిన తప్పులను వరుసగా పద్దు వ్రాసుకుంటూ వచ్చి, ఆ 850కి పైబడిన పద్దులను అచ్చు వేయించారు. పైగా వాటిని పదిహేను వర్గాలుగా విభజించారు. ఆలోచనే తప్పినవి, ఆలోచన సరిగా ఉండి వ్రాతలో పొరబడినవి, చేయవలసినది మరచిపోయినవి, ఊహించని సందర్భం ఎదురైనవి, చివరకు చిల్లర అచ్చుతప్పులు. జమాఖర్చుల మాస్టారి కొడుకు గదా! లోకమంతా మెచ్చుకుంటున్న రచన పక్కనే దాని తప్పుల ఖాతా కూడా పెట్టి, చూసుకోండి అన్నాడు.

టెఖ్ సంచికల సంఖ్య కూడా ఆ స్వభావానిదే. 3 తరువాత 3.1, ఆపైన 3.14. దిద్దినకొద్దీ గణితంలోని 'పై' విలువకు చేరువవుతుంది. 2021లో 3.141592653 దగ్గర ఉంది. తన మరణానంతరం సంఖ్యను 'పై' అని స్థిరపరచాలనీ, అప్పటికి మిగిలిన తప్పులన్నీ దాని లక్షణాలుగా భావించుకోవాలనీ చమత్కరించారు. చేరువ కావడమే తప్ప చేరడం ఉండదని అంతకన్న మర్యాదగా చెప్పడం ఎట్లా?

ఇప్పుడు నా సంగతి.

ఆయన ఆ వ్యాసం ప్రకటించడానికి ఒక ఏడాది ముందు, 1988లో, నేను తొమ్మిదవ తరగతికి తెలుగు చెబుతున్నాను. ఉద్యోగంలో చేరి నాలుగైదేళ్ళు. నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో 'ఉచ్ఛారణ' అని వ్రాశాను. వెనుక బెంచీలోనుంచి ఒక పిల్లవాడు చెయ్యి ఎత్తి, "మాస్టారూ, వాచకంలో చకారానికి చ వత్తే ఉందండీ. మీరు ఛ వత్తు పెట్టారు," అన్నాడు. తరగతిలో ఎవరో కిసుక్కున నవ్వారు. "నాకు చెప్పేటంతటివాడివయ్యావురా?" అని వాణ్ణి గంట కొట్టేదాకా బెంచీ ఎక్కించి నిలబెట్టాను.

రాత్రి ఇంటికి వచ్చి నిఘంటువు తీశాను. తీయనవసరం లేదు. ఉత్, చారణ; తకారానికి చకారం పరమైతే వచ్చేది చకారమే. సచ్చరిత్ర వలెనే. ఆ శ్చుత్వ సంధిని ఆ నెలలోనే పదవ తరగతికి పాఠం చెప్పి ఉన్నాను. ఒత్తి పలికే అలవాటు చేతిలోకి దిగింది, అంతే.

మరునాడు తరగతికి వెళ్ళి నల్లబల్ల మీద 'ఉచ్చారణ' అని వ్రాశాను. మొదటినుంచీ అట్లాగే వ్రాసినవానివలె వ్రాశాను. ఏమీ అనలేదు. ఆ పిల్లవాడు బల్లవైపు చూశాడు, నావైపు చూశాడు, పుస్తకంలోకి తల వంచుకున్నాడు. ఆ సంవత్సరమంతా వాడు మళ్ళీ చెయ్యి ఎత్తలేదు. ప్రశ్న వేస్తే జవాబు చెప్పేవాడు, అంతవరకే. పదవ తరగతి పూర్తయ్యాక ఏ ఊరు వెళ్ళాడో తెలియదు. ఇప్పుడు యాభై దాటి ఉంటాయి.

కనూథ్ వర్గీకరణలో నల్లబల్ల మీది తప్పు ఆ పదిహేనింటిలో చివరిదానిలోకి వస్తుంది. చిల్లర అచ్చుతప్పు. మరునాడు నేను చేసినదానికి మాత్రం ఆ పదిహేను వర్గాలలోనూ చోటు లేదు. ముప్పై యేళ్ళు పిల్లల కాగితాల మీద ఎర్రసిరాతో దిద్దాను. ఎన్ని వేల తప్పులు దిద్దానో లెక్కలేదు. నావి వ్రాసుకున్న పుస్తకం ఒక్కటీ లేదు.

మిత్రులారా, ఈ బ్లాగులో ఇన్నాళ్ళుగా ఎన్నో అభిప్రాయాలు వ్రాశాను. వాటిలో తప్పులు ఉండక మానవు. ఇకమీదట ఎవరు తప్పు చూపినా, ఆ టపా అడుగున తేదీతో, చూపినవారి పేరుతో పద్దు వ్రాస్తాను. దిద్ది ఊరుకోను. డాలర్లు ఇచ్చుకోలేను. పోనీ రెండు రూపాయల యాభై ఆరు పైసలు ఇద్దామంటే, ఆరు పైసలకు చెల్లే నాణెం ఇప్పుడు దేశంలో లేదు. పేరు వ్రాయడమే నా చెక్కు.

మొదటి పద్దు నేనే వ్రాస్తున్నాను.

1988. తొమ్మిదవ తరగతి. 'ఉచ్ఛారణ' తప్పు, 'ఉచ్చారణ' ఒప్పు. చూపినవాడు వెనుక బెంచీ విద్యార్థి. బాకీ అట్లాగే ఉంది.